ఎత్తడం, ఎత్తుకోవడం

మన యిళ్ళలో ఏడాదిన్నర బిడ్డకు వున్నంతమంది హక్కుదార్లు పదెకరాల మాగాణికి కూడా వుండరు. మాగాణికైతే పాసుపుస్తకంలో ఒక పేరంటూ వుంటుంది. బిడ్డ విషయంలో ఆ పేచీ లేదు. తాత, అవ్వ, చిన్నాయన, మేనమామ, పక్కింటి పెద్దమ్మ, పాలు పోసే మనిషి - గడప తొక్కిన ప్రతివారికీ వాడిమీద హక్కు వుంది. బుగ్గ గిల్లవచ్చు. రెండు రోజుల గడ్డంతో మెడకింద రుద్దవచ్చు. రెండు కాళ్ళూ పట్టి తలకిందులు చేయవచ్చు. "నిన్ను సంతలో అమ్మేస్తాం, మీ అమ్మ వెళ్ళిపోయింది" అని చెప్పి, వాడు పెదవి విరిచేదాకా వేచి చూసి, ఏడుపు లంకించుకున్నాక అందరూ కలిసి నవ్వి, ఆపైన ముద్దు పెట్టుకోవచ్చు. ఇంత స్వేచ్ఛగా అనుభవించగలిగిన ఆస్తి మరొకటి లేదు గదా!

ఇందులో ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచుకునే వాళ్ళం మనం. ప్రేమకు కొదవ లేదు. కొదవ వున్నది మరొక చోట. ఆ సంగతే యీ వారం చెప్పుకుందామని.

తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని గనుక నాకు ముందు మాట మీదికి దృష్టి పోతుంది. మన భాషలో పరిహాసమాడటానికీ కన్నీళ్ళు పెట్టించటానికీ ఒకటే క్రియ - ఏడిపించడం. బావ మరదల్ని ఏడిపిస్తున్నాడంటే ఎవరూ కంగారుపడరు. తాత మనవణ్ణి ఏడిపిస్తున్నాడన్నా నవ్వుతూనే వింటారు. పెద్దవాళ్ళ మధ్య ఆ మాటకు లక్ష్యార్థం వుంది. మరదలు నిజంగా ఏడవదు. ఏడ్చినా తిరిగి రెండంటించగల నోరు ఆమెకు వుంది. పసివాడి దగ్గర మాత్రం ఆ మాటకు వాచ్యార్థం తప్ప మరొకటి లేదు. వాడు నిజంగానే ఏడుస్తాడు. తనది పరాచికమని వాడికి ఎవరు చెప్పగలరు?

ఇంకొక మాట కూడా చూడండి. మూట ఎత్తుతాం. బస్తా ఎత్తుతాం. బిడ్డను మాత్రం ఎత్తుకుంటాం. చివర వచ్చి చేరిన ఆ 'కొను' చిన్నదేమీ కాదు. చేసిన పని ఫలం చేసినవాడికే చెందేటప్పుడు అది చేరుతుంది. వండడం వేరు, వండుకోవడం వేరు. చెప్పడం వేరు, చెప్పుకోవడం వేరు. బిడ్డను ఎత్తుకోవడమంటే తన ఒంటికి చేర్చుకోవడం. గాలిలోకి విసిరి పట్టేటప్పుడు, చేతులు పట్టి ఊపేటప్పుడు జరిగేది ఎత్తుకోవడం కాదు, వట్టి ఎత్తడమే. ఈ తేడా మా క్లాసులో పరీక్షకు వస్తుంది. మా యింట్లో మొన్న మాఘమాసంలో వచ్చింది.

మా ఊరు గడివేముల. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో వుండేది. మా అన్న అక్కడే సేద్యం చూసుకుంటూ వుంటాడు. ఆయన మనవడికి పంతొమ్మిదో నెల రాగానే మహానందిలో పుట్టువెంట్రుకలు తీయించారు. నలభైల్లోనే నన్ను అవ్వను చేసిన ఘనుడు వీడు. మేనమామ ఒడిలో కూర్చుని వెంట్రుకలిచ్చాడు. ఆ మేనమామ ఆళ్లగడ్డ నుంచి కొత్త బట్టలతో, వెండి మొలతాడుతో వచ్చాడు. మధ్యాహ్నానికి అందరూ గడివేముల చేరారు. ఓళిగలు, చిత్రాన్నం, అరవై విస్తళ్ళు. నేనూ మా వదినా లోపల తాంబూలాలు సర్దుతున్నాము.

బయట వసారాలో ఆట సాగుతున్నది. పిల్లవాడి ఒక చేయి మేనమామ పట్టుకున్నాడు, ఒక చేయి చిన్నాయన పట్టుకున్నాడు. ఒకటీ రెండూ మూడూ అంటూ ఉయ్యాల ఊపుతున్నారు. మరొకడు సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. కాసేపటికి ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపే అనుకున్నారు. ఎత్తుకున్నా ఆగలేదు, పాలిచ్చినా ఆగలేదు. పావుగంట గడిచాక మా వదిన కనిపెట్టింది: పిల్లవాడు ఎడమ చేయి కదపడం లేదు. మోచేయి కొంచెం వంచి, అరచెయ్యి పొట్టవైపు తిప్పి, ఎవరిదో వస్తువులాగా వేలాడవేసుకుని వున్నాడు. వాపు లేదు, కమిలింది లేదు. ముట్టుకుంటే మాత్రం కెవ్వుమంటున్నాడు.

ఇక వైద్యులందరూ లేచారు. దిష్టి తగిలిందని ఒకరు ఉప్పూ మిరపకాయలూ తిప్పారు. బెణికిందని ఒకరు ఆముదం తెచ్చారు. మా రాయలసీమలో ఎముక అన్న మాట వినిపిస్తే చాలు, ఎవరో ఒకరు పుత్తూరు కట్టు అంటారు, అదీ అన్నారు. పిల్లవాడి తల్లి ఒక్క మాటా అనలేదు. లోపలికి పోయి చెప్పులూ సంచీ తెచ్చుకుని వచ్చి నిలబడింది. ఆటోలో నంద్యాల పోయాము.

పిల్లల డాక్టరు గారు రెండు ప్రశ్నలే వేశారు. పడ్డాడా? లేదు. ఎవరైనా చేయి పట్టి లాగారా? అంతే. మోచేతి దగ్గర బొటనవేలు ఆనించి, మరొక చేత్తో ముంజేతిని పట్టుకుని అరచెయ్యి కిందికి తిరిగేలా మెలిపెట్టారు. 'టిక్కు'మంది. పిల్లవాడు ఒక్క అరుపు అరిచాడు. "బయట కూర్చోండి, పది నిమిషాల తర్వాత ఎడమవైపు నుంచి బిస్కెట్టు చూపించండి" అన్నారు. చూపించాము. ఎడమ చేత్తోనే లాక్కున్నాడు.

సంగతేమిటంటే, మోచేతి దగ్గర ముంజేతి ఎముకలు రెండింటిలో ఒకదాని తలను ఉంగరం లాంటి పట్టీ ఒకటి చుట్టి పట్టుకుని వుంటుంది. పసితనంలో ఆ పట్టీ పలచన, ఎముక తల యింకా సరిగా తేరి వుండదు. చేయి చాచి వున్నప్పుడు ముంజేతినో మణికట్టునో పట్టి గుంజితే ఎముక తల కిందికి జారి, పట్టీ కీలులో చిక్కుకుపోతుంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో యిది చాలా మామూలు. ఐదేళ్ళు దాటాక పట్టీ బలపడి అరుదైపోతుంది. ఎడమ చేతికి ఎక్కువగా వస్తుంది. పెద్దవాళ్ళు కుడి చేత్తో పిల్లల ఎడమ చేయి పట్టుకుని నడిపిస్తారు గనుక. రోడ్డు దాటేటప్పుడు గుంజినా, మారాం చేస్తుంటే లేవదీసినా, చొక్కా తొడిగేటప్పుడు లాగినా, ఆటకు ఊపినా కీలుకు తేడా తెలియదు. ఒకసారి జారిన చేయి మళ్ళీ జారే అవకాశం వుంది. కట్టు అక్కర్లేదు, సరిచేస్తే అరనిమిషం పని. కాని అది తెలిసిన చేతుల పని. పిల్లవాడు పడి వున్నా, వాపు కనిపించినా విరిగిందేమో ముందు చూడాలి గనుక యింట్లో ఎవరూ మెలిపెట్టి చూడకూడదు సుమండీ.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'నర్స్‌మెయిడ్స్ ఎల్బో' అంటారు. దాది మోచేయి అన్నమాట. దొరసాని చేయి పట్టి లాగినా, దొర ఊపినా పేరు మాత్రం ఆయా మీదికి పోయింది. తప్పు ఎవరిమీద వెయ్యాలన్నది ఎముకల శాస్త్రంలో కూడా ముందే తేల్చేశారు చూడండి!

మా యింట్లోనూ అదే మొదలయింది. నంద్యాల నుంచి తిరిగి వచ్చేసరికి చర్చ ఒక్కటే: ఎడమ చేయి ఎవరి చేతిలో వుంది? చిన్నాయన పట్టుకున్నాడంటే తప్పు గడివేములది. మేనమామ పట్టుకున్నాడంటే ఆళ్లగడ్డది. మధ్యాహ్నం దాకా ఒకే బంతిలో తిన్న వియ్యాలవారు చెరొక మంచం మీదికి చేరారు. తేల్చుకోవడానికి సెల్‌ఫోను తెచ్చారు. వీడియో పెట్టారు. అందరమూ వంగి చూశాము.

ఎవరి చేయో ఆ వీడియోలో సరిగా తేలలేదు; మధ్యలో కుర్రాళ్ళు చోట్లు మార్చుకున్నారు. కాని మరొకటి తేలింది. "ఇంకోసారి, ఇంకోసారి, యీసారి సరిగా వస్తుంది" అన్న గొంతు వెనక, దూరం నుంచి, ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. "చాలు." కొంచెం ఆగి మళ్ళీ, "చాలు చాలు, వానికి భయమైతాంది." మూడోసారి "చాలు" అనే లోపల చప్పట్లు. ఆ గొంతు పిల్లవాడి తల్లిది. వసారాలో పదిహేనుమంది వున్నారు. విన్నవాడు ఒక్కడూ లేడు. పిల్లవాడు మాత్రం రెండో ఊపులోనే నవ్వు మాని మొగం అటే తిప్పాడు. అదీ వీడియోలో వుంది.

ఫోను ఆపేశారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి కూర్చుంది. డిగ్రీ చదివిన పిల్ల, మాట నేర్చిన పిల్ల. "అత్తా, మీరు చెప్తే ఇంటారు. నేను చెప్తే 'మా బిడ్డను మేము ఎత్తుకోగూడదా' అంటారు. మా తమ్మునికి చెప్తే 'పెండ్లయినాంక మారిపోతివి' అంటాడు. ఆయప్పకు చెప్తే 'నువ్వు ప్రతిదానికీ భయపడతావు' అంటాడు. ఇది నా భయమేనా అత్తా?" అన్నది. ఆయప్ప అంటే మా పెద్ద మేనల్లుడు, ఆమె భర్త.

భయానికీ కనిపెట్టడానికీ తేడా తెలియకపోవడం మన యిళ్ళలో పాత జబ్బు. బిడ్డను ఇరవైనాలుగు గంటలూ చూసే మనిషికి వాడి నవ్వులో ఏది నవ్వో, ఏది బెదురో తెలుస్తుంది. ఆరు నెలలకొకసారి వచ్చే మేనమామకు తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు. తెలిసినవాళ్ళు చెప్పినప్పుడు వినకపోవడం తప్పు.

"నవ్వుతున్నాడు గదా" అన్నది పెద్దవాళ్ళ దగ్గర వుండే పెద్ద సాక్ష్యం. అది అంత గట్టి సాక్ష్యం కాదు. చక్కిలిగింతలు పెట్టండి, ఇష్టం లేనివాడు కూడా నవ్వుతాడు. ఊపిరాడకపోయినా నవ్వుతాడు. చార్లెస్ డార్విన్ 1872లో మొగంలో కనిపించే భావాల గురించి ఒక పెద్ద పుస్తకం వ్రాశాడు. చక్కిలిగింతకు నవ్వు రావాలంటే మనసు అప్పటికే సంతోషంగా వుండాలనీ, కొత్త మనిషి చక్కిలిగింత పెడితే పసిబిడ్డ భయంతో కెవ్వుమంటుందనీ అందులో చెప్పాడు. వేలు అదే, చంక అదే. పెట్టినవాడు ఎవడన్న దాన్ని బట్టి నవ్వు ఏడుపవుతుంది.

ఆ మహానుభావుడు తన పెద్దకొడుకు పసితనాన్ని రోజువారీగా వ్రాసి పెట్టుకుని, 1877లో ప్రచురించాడు. అందులో ఒక ముచ్చట వుంది. బిడ్డ దగ్గర వింత వింత చప్పుళ్ళు చేయడం ఆయనకు అలవాటట. బిడ్డకు అవన్నీ మహా తమాషాగా వుండేవట. నాలుగు నెలలు దాటాక ఒకనాడు మునుపెన్నడూ చేయని గురక చప్పుడొకటి గట్టిగా చేశాడు. బిడ్డ వెంటనే మొగం గంభీరంగా పెట్టి, భోరుమన్నాడు. రెండు మూడు రోజుల తర్వాత మరచిపోయి మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే ఏడుపు. జీవరాశుల పుట్టుక విప్పి చెప్పినవాడు కూడా కన్నకొడుకు దగ్గర ఏది ఆట, ఏది కాదో ముందుగా చెప్పలేకపోయాడు. కాకపోతే వ్రాసిపెట్టుకున్నాడు. మనం వీడియో తీసి నలుగురికీ పంపుతాము.

చేయి జారడం చిన్న గండం. తల సంగతి అట్లాంటిది కాదు. పుట్టినప్పుడు బిడ్డ పొడుగులో నాలుగోవంతు తలే; పెద్దవాళ్ళలో దాదాపు ఎనిమిదో వంతు. మెదడు పుట్టినప్పుడు సుమారు 350 గ్రాములుండి, రెండేళ్ళకల్లా పెద్దవాళ్ళ మెదడులో ముప్పాతికదాకా పెరుగుతుంది. అంత బరువు మోసే మెడ మాత్రం లేతది. మాడు పూడటానికి సాధారణంగా ఏడాదిన్నర దాకా పడుతుంది. ఇదంతా మన ముసలమ్మలకు తెలియదా? తెలుసు. మాడుకు ఆముదం పెట్టి అరచేత్తో అద్దేవారు గాని, ఎవరినీ గట్టిగా ముట్టనిచ్చేవారు కాదు. తల నిలిచేదాకా మెడకింద చేయి వెయ్యకుండా బిడ్డను ఎవరికీ ఇచ్చేవారు కాదు.

1971లో గుత్కెల్చ్ అనే బ్రిటిషు శస్త్రవైద్యుడు ఒక సంగతి బయటపెట్టాడు. పైకి దెబ్బ కనిపించని పసిబిడ్డల్లో పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరుతుంటే, దానికి బిడ్డను పట్టి గట్టిగా కుదిపివేయడం కారణం కావచ్చునన్నాడు. మరుసటి ఏడు కాఫీ అనే అమెరికా ఎక్స్‌రే వైద్యుడు అదే హెచ్చరిక యింకా గట్టిగా చేశాడు. తల కొరడాలాగా ముందుకూ వెనక్కూ విసిరినప్పుడు లోపలి సన్నటి రక్తనాళాలు తెగుతాయి. అయితే యీ మాట విని తల్లులు హడలిపోనక్కర్లేదు. ఒళ్ళో గుర్రమాట ఆడించినందుకు, వీపున ఉప్పుమూట మోసినందుకు అట్లాంటిది రాదు. కోపంతో, విసుగుతో, ఏడుపు ఆపాలని కుదిపేసే కుదుపు వేరు. ఆ గుత్కెల్చే, నూరేళ్ళు బతికి 2016లో పోయినవాడు, ముసలితనంలో మరొక హెచ్చరిక కూడా చేశాడు - బిడ్డ తలలో రక్తం కనిపించినప్పుడల్లా కుదిపారనే తీర్పు చెప్పి తల్లిదండ్రులను దోషులను చేయవద్దని. కనిపెట్టినవాడే తన మాటకు హద్దు చెప్పడం లోకంలో అరుదు.

గాలిలోకి ఎగరవేయడం దగ్గర నా భయం మరొకటి. మా ప్రాంతంలో యింటి నేల అంటే బేతంచెర్ల నాపరాయి. చూడటానికి అద్దంలా వుంటుంది, పడితే బండే. పైన చూస్తే పంకా. మిద్దె యెత్తు తక్కువ, మేనమామ ఎత్తు ఎక్కువ. పైకెత్తిన పిల్లల తలకు తిరిగే పంకా రెక్క తగిలి పుర్రె చిట్లిన కేసులు మన దేశపు వైద్యులు ఎన్నో వ్రాసిపెట్టారు. ఎగరేసేవాడు బిడ్డ మొగం చూస్తాడు గాని పైకప్పు చూడడు. అందులోనూ ఒక చేత ఫోను వున్నవాడు రెండు చేతులా పట్టలేడు. ఇందుకు వైద్యుడు అక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు.

"మేమంతా ఇట్ల పెరిగినోళ్ళమే గదా, మాకేమయింది?" అని మా అన్న అన్నాడు. ఈ మాట చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఏమీ కానివాళ్ళే వుంటారు. అయినవాళ్ళు వచ్చి చెప్పరు. మా చిన్న మేనల్లుడిది మరొక సిద్ధాంతం: "మగపిల్లోడు గట్టిపడాలత్తా." పంతొమ్మిది నెలలకు గట్టిపడవలసినవి పళ్ళు. అవే యింకా పూర్తిగా రాలేదు.

అట్లాగని ఆట మానిపించమని నేననలేదు. అనను కూడా. హైదరాబాదులో నాలుగో అంతస్తులో ఒక్కడే పెరిగే పిల్లలను చూస్తున్నాను. అమెరికాలో వున్న మా దగ్గరివాళ్ళ పిల్లకు చుట్టాలంటే ఫోనులో కనిపించే మొగాలే. రెండేళ్ళకొకసారి వేసవిలో వచ్చినప్పుడు ఒక్కసారిగా నలభైమంది బుగ్గలు గిల్లడానికి చేతులు చాస్తే తల్లి కొంగు వదలదు. "ఏం పిల్లమ్మా, మనుషులంటే పడదు" అని ఆ మూడేళ్ళదాని మీద తీర్పు. చుట్టాలతో దొర్లి పెరగడం ఒక భాగ్యం. చాప మీద కుస్తీ, దిండ్ల యుద్ధం, ఉప్పుమూట, బూచాట - యివి లేని పసితనం ఉప్పులేని కూడు. గట్టిగా పట్టుకునే చేతులే ఎప్పుడు మెత్తబడాలో నేర్పేదీ ఆటే.

ఎలుకలు కూడా యీ సంగతి ఎరుగును. యాక్ పాంక్‌సెప్ అని, ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఒకాయన 2017లో పోయాడు. ఎలుకపిల్లలకు చక్కిలిగింతలు పెట్టి, మన చెవికి అందని స్థాయిలో అవి కిచకిచమంటాయని చూపించాడు. చక్కిలిగింత పెట్టిన చేతిని వెతుక్కుంటూ అవే వచ్చేవి. ఆయన వ్రాసిన మరొక సంగతి నాకు బాగా నచ్చింది. రెండు ఎలుకపిల్లలు కుస్తీపట్టేటప్పుడు పెద్దది ఎప్పుడూ తానే గెలుస్తూ వుంటే చిన్నది ఆటకు పిలవడం మానేస్తుంది. పదిసార్లలో మూడుసార్లయినా చిన్నది గెలవాలి. పెద్దది కావాలని వెల్లకిలా పడి, చిన్నదాన్ని గెలవనిస్తుంది. లేకపోతే ఆట ఆగిపోతుంది. మన వసారాల్లో బలవంతుడు ఒక్కసారైనా ఓడుతున్నాడా? చూడండి.

ఆడపడుచుకు పుట్టింట్లో వుండే అధికారం మీకు తెలియనిది కాదు. ఏ కోడలికీ లేనిది, ఏ అల్లుడికీ దక్కనిది. చాలాసార్లు అది చీరల దగ్గర, గిన్నెల దగ్గర వృథా అయిపోతుంది. మరునాడు పొద్దున కాఫీల దగ్గర నేను దాన్ని వాడాను. కుర్రాళ్ళను కాదు, ముందు మా పెద్ద మేనల్లుణ్ణే పట్టుకున్నాను. నీ తమ్ముడికి నువ్వు చెప్పాలి, ఆమె తమ్ముడికి ఆమె చెబుతుంది. నీ వైపువాళ్ళకు ఆమె చేత చెప్పించి, తర్వాత 'ఆమె కొంచెం భయస్తురాలు' అని నువ్వు నవ్వడం కుదరదు అన్నాను. వాడు కాఫీ వైపు చూస్తూ కూర్చున్నాడు. "వాళ్ళు నొచ్చుకుంటారత్తా" అన్నాడు. నొచ్చుకోనీ. నొప్పి తెలిసిన వయసు వాళ్ళది, మాట తెలిసిన వయసు కూడా. మాట రానివాడు ఒక్కడే వున్నాడు యింట్లో.

మా వదిన మొదట మొగం ముడుచుకుంది. "ఏమ్మా, ఇంక బిడ్డను ముట్టుకోవాలంటే అర్జీ పెట్టుకోవాల్నా?" అన్నది. మా అమ్మ అక్కడే మూల కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఎంతమంది బిడ్డలకు నీళ్ళు పోసిందో లెక్కలేదు. తల ఎత్తకుండానే అన్నది: "అర్జీ ఏంటికి? వాడు చేతులు జాపితే ఎత్తుకో. జాపకుంటే కూసో. మా అత్త మాకు చెప్పింది అదే." చాలామంది చదువుకున్నవాళ్ళు ఒక పుస్తకం వ్రాసి చెప్పేది ఆవిడ వక్క తెగేలోపల చెప్పింది. వదిన మరి మాట్లాడలేదు. అత్తగారి అత్తగారి మాటకు పైకోర్టు లేదు గదా.

దానికి నేను ఒకటి కలిపాను. ఊపినా, గుర్రమెక్కించినా, చక్కిలిగింత పెట్టినా ఒకసారి చేసి ఆపండి. చేతులు తీసేసి ఊరుకోండి. మా వాడికి అప్పటికి వచ్చిన మాటలు ఏడో ఎనిమిదో. అందులో ఒకటి 'మల్లా'. కావాలంటే వాడే "మల్లా" అంటాడు, లేకపోతే మీ చెయ్యి పట్టి లాగుతాడు. అన్నాడా, మళ్ళీ చెయ్యండి, సాయంత్రం దాకా చెయ్యండి. తల తిప్పుకున్నాడా, ఆట అయిపోయిందన్నమాట. మాటలు రాని బిడ్డలకు యింకా తెలివి వుంటుంది: వీపు విల్లులాగా వంచడం, చూపు తప్పించడం, పిడికిలి బిగించడం, నవ్వు మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం కావడం. ఇవి చదవడానికి ఎం.ఏ. అక్కర్లేదు. ఇక ఊపాలని అంత సరదాగా వుంటే చంకల కింద పట్టి ఊపమన్నారు డాక్టరు గారు, ముంజేతులు పట్టి కాదు. పంకా ఆపి మరీ.

చిన్న మేనల్లుడు మూడురోజులు అలిగాడు. పిల్లవాడి జోలికి పోలేదు, ఎదురుపడినా పక్కకు తప్పుకున్నాడు. ఆ అలక కూడా ఏడిపించడంలో ఒక రకమేనని నాకు అనిపించింది. చిన్నాయన ఎందుకు పలకడో పసివాడికి ఏం తెలుస్తుంది? నాలుగోనాడు వాడే పోయి చిన్నాయన వీపు మీద ఎక్కి కూర్చున్నాడట. ఉప్పుమూట. "మల్లా, మల్లా" అని వీధి చివరిదాకా రెండుసార్లు మోయించుకున్నాడట. అలక అక్కడితో పోయింది.

ఆళ్లగడ్డ మేనమామ మాత్రం చాలా నొచ్చుకున్నాడు. తన చేతిలోనే చేయి జారిందని ఆయన మనసులో పడిపోయింది. రెండు నెలలు రాలేదు. అక్క ఫోను చేసి, "రాకపోతే నేనే బిడ్డనెత్తుకొని వస్తా" అంటే ఉగాదికి వచ్చాడు. పిల్లవాడు గుర్తుపట్టలేదు, తల్లి వెనక్కు పోయి నక్కాడు. ఎప్పటిలాగా పట్టి లాక్కురాలేదు ఆయన. చాప వేసుకుని కూర్చుని చెనిక్కాయలు వలవడం మొదలుపెట్టాడు, వైపుకైనా చూడకుండా. మా వదిన లోపలి నుంచి చూసి "ఏమబ్బా, అల్లునితో మాట్లాడవా?" అంటే, "వస్తాడులే అత్తా" అన్నాడు. అరగంట పట్టింది. ముందు ఒక గింజ తీసుకుని పారిపోయాడు. తర్వాత రెండు. ఆపైన వచ్చి మేనమామ తొడమీద చేయి ఆనించి నిలబడి, చొక్కా జేబులో వున్న ఫోను లాగి తీసుకుని, ధాన్యం బస్తాల సందులో పడేశాడు. అది బయటికి తీయడానికి ముగ్గురు బస్తాలు ఎత్తవలసి వచ్చింది.